కదలకూడని పొయ్యి

ప్రభుత్వ వంటశాలల భద్రతా నియమావళిలో పద్నాలుగో నిబంధన రెండు వాక్యాలు. "పొయ్యిని కదలకుండా బిగించవలెను. వంట జరుగుచున్నంతసేపు పొయ్యి కదలరాదు." ఇది హాస్టళ్ల కోసం రాసినది. రాసినవాళ్ల మనసులో నేల ఉంది. నేల కదలదు కాబట్టి దాని సంగతి రాయలేదు.

సున్నపురేవులోని తీర జీవుల పరిశీలన మండలికి పదకొండేళ్లపాటు ఆ నిబంధనతో పేచీ రాలేదు. మండలికి రెండంతస్తుల ఆఫీసు ఉంది. ఆఫీసులో క్యాంటీను, క్యాంటీనులో సిమెంటు గట్టు, గట్టు మీద పొయ్యి ఉన్నాయి. లేనిది పడవ. సముద్రంలో తాబేళ్లు ఎన్ని ఉన్నాయో మండలి సిబ్బంది మేడ మీద నుంచి బైనాక్యులర్లతో చూసి రాసేవారు.

నిరుడు వానాకాలంలో రాజధానిలో ఒక సదస్సు జరిగింది. ఇంజను లేని ప్రయాణమే భవిష్యత్తు అని సదస్సు తీర్మానించింది. ప్రతినిధులు కార్లెక్కి ఇళ్లకు వెళ్లారు. మూడు నెలలకు మండలికి తెరచాప పడవ మంజూరైంది. పొడవు ఇరవై ఎనిమిది అడుగులు. ఇంజను లేదు. నలుగురు మనుషులు పదకొండు రోజులు సముద్రం మీద ఉండి తాబేళ్లను లెక్కపెట్టి రావాలి.

ఒక రోజుకు మించి సిబ్బంది బయట ఉంటే వంటశాల ఉండాలి. వంటశాల ఉంటే సర్టిఫికెట్ ఉన్న వంటమనిషి ఉండాలి. పడవల మీద ముప్పై ఏళ్లుగా వండుకుతింటున్న మగవాళ్లు సున్నపురేవులో నలభై మంది ఉన్నారు. వాళ్లలో ఎవరికీ సర్టిఫికెట్ లేదు. రేవు మొత్తానికి అది ఉన్నది బడే ముత్యాలుకు. వయసు ముప్పై ఆరు. ఆరేళ్లు బడిలో మధ్యాహ్న భోజనం వండింది.

సున్నపురేవులో ఆడవాళ్లు చేపలు అమ్ముతారు, ఎండబెడతారు, బుట్టలు మోస్తారు. పడవెక్కి సముద్రంలోకి వెళ్లరు. వెళ్లకూడదని ఎక్కడా రాసి లేదు. రాసి లేనిదాన్ని మార్చడం అక్కడ ఎవరికీ చేతకాలేదు.

ఇంటర్వ్యూ చేసింది మండలి ప్రాజెక్టు అధికారి వేమకోటి నరహరి.

"సముద్రయానమందు పూర్వానుభవం ఏమైనా కలదా?"

"నేదు బాబూ. మా అయ్య ఎల్లేవోడు. మా మావ ఎల్తాడు. మా తమ్ముడు ఎల్తాడు. నన్నొక్కదాన్నీ తీసుకెల్లనేదు."

"కారణం?"

"ఆడపిల్లనని. మా తమ్ముడు పడవెక్కితే సాలు, కక్కుతాడు. అయినా ఆడ్నే ఎక్కించుకునేవోరు. ఆడు కక్కీ బకెట్టు కడిగీది మాత్రం నాను."

"మీకు అటువంటి ఇబ్బంది?"

"ఎక్కితే కదా బాబూ తెలిసీది."

ఫైలులో "అభ్యర్థినికి సముద్రపు వాంతులు ఉన్నట్లు దాఖలా లేదు" అని రాశారు. డిసెంబరు ఒకటిన నియామక ఉత్తర్వు వచ్చింది. అడుగున ఒక షరతు ఉంది: ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిలోగా విధి నిర్వహణ నిమిత్తం సముద్రంలోకి వెళ్లని పక్షంలో ఈ పోస్టు రద్దయినట్టు భావించబడును.

పడవకు తండేలు, అంటే నడిపే పెద్ద, గరికిన లచ్చయ్య. ముత్యాలుకు మేనమామ. ఉత్తర్వును ఆమె చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"మూడు నెల్లుందిలే," అన్నాడు. "ఉత్తరం గాలి ఉండగా దిగువకి పోయి, గాలి మారినాక ఎనక్కొచ్చీగలం. పొయ్యొకటి ఎట్టీసుకుంటే ఎలిపోడమే."

పొయ్యి పెట్టడానికి మండలి ఉపసంఘం వేసింది. సభ్యులు ఐదుగురు. వారిలో వంట వచ్చినవారు ఒకరు. ఆయన సెలవులో ఉన్నారు.

ఉపసంఘం మొదట కిరోసిన్ పొయ్యి అనుకుంది. కిరోసిన్ రేషను కార్డు మీద వస్తుందని ఒక సభ్యుడు గుర్తుచేస్తే, పడవ పేరు మీద కార్డుకు దరఖాస్తు పెట్టారు. కుటుంబ పెద్ద అన్నచోట లచ్చయ్య పేరు రాశారు. సొంత ఇల్లా, అద్దె ఇల్లా అన్నచోట "నీటి మీద" అని రాశారు. దరఖాస్తు తిరిగి వచ్చింది. లబ్ధిదారు వేలిముద్ర లేదు. లబ్ధిదారు పడవ.

స్పిరిట్ పొయ్యి సంగతి ఎక్సైజు వారిని అడిగారు. స్పిరిట్ నిల్వ ఉంచే స్థలానికి వంద మీటర్ల లోపు బడి, గుడి ఉండరాదని, ఎన్నికల రోజున ఆ స్థలం మూసివేయాలని వారు జవాబిచ్చారు. సముద్రం మధ్యలో పడవను మూసివేయడం ఎలాగో ఉపసంఘానికి తెలియలేదు. కరెంటు పొయ్యి పరీక్షించారు. అన్నం ఉడికింది. పడవ దీపాలన్నీ ఆరిపోయాయి.

మిగిలింది గ్యాసు. గ్యాసు గాలికంటే బరువు. లీకైతే పడవ అడుగున చేరి నిలిచిపోతుందని, నిప్పురవ్వ తగిలితే అంతేనని ఒక సభ్యుడు చదివి వినిపించారు. ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచిన ముత్యాలు తలుపు దగ్గర నిలబడి ఉంది.

"బండ బైటెట్టీండి బాబూ," అంది. "ఎనకాల, గాలికి. కారితే నీటి మీదకి పోతాది."

"అమ్మా, ఇది సాంకేతిక అంశం," అన్నారు నరహరి. "నిపుణుల అభిప్రాయం లేనిదే ముందుకు వెళ్లజాలము."

పడవ కట్టిన కంపెనీకి ఉత్తరం రాశారు. పందొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. గ్యాసు బండను బయట, పడవ వెనక భాగంలో, గాలి తగిలేచోట పెట్టాలని అందులో ఉంది. నిపుణుల దూరదృష్టిని ఉపసంఘం ఏకగ్రీవంగా అభినందించింది.

జనవరి ఎనిమిదిన పొయ్యి వచ్చింది. రెండు బర్నర్లు. గిన్నె జారకుండా చుట్టూ కమ్మీలు. పొయ్యికి రెండు పక్కలా రెండు ఇరుసులున్నాయి. వాటి మీద అది ఉయ్యాలలా వేలాడుతుంది. లచ్చయ్య బొటనవేలితో ఒకసారి తోశాడు. పొయ్యి ఊగి, తిన్నగా వచ్చి నిలబడింది. లచ్చయ్య ముత్యాలు వైపు చూసి నవ్వాడు.

"ఇది కట్టినోడు పడవ మీద తిండి తిన్నాడే," అన్నాడు.

మర్నాడు భద్రతా అధికారి కవుటూరి పాండురంగం తనిఖీకి వచ్చారు. పాతికేళ్ల సర్వీసులో ఆయన పాసు చేసిన ఏ పొయ్యీ కదల్లేదు. పడవ ఇంకా ఒడ్డున దుంగల మీదే ఉంది. ఆయన నిచ్చెన ఎక్కి, లోపలికి దిగి, పొయ్యిని చూపుడువేలితో తోశారు.

"ఇది కదులుతోంది."

"ఒడ్డు మీద కదుల్తాది బాబూ," అన్నాడు లచ్చయ్య. "నీట్లో కదల్దు."

"నీట్లో కదలనిది ఒడ్డు మీద ఎందుకు కదులుతుంది?"

"తమరు తోసినారు గదా."

"నేను తోశాననేది అప్రస్తుతం. తోస్తే కదిలింది. ప్రస్తుతాంశం అదీ."

"పడవ వొంగుతాది బాబూ. పడవ ఇటు వొంగితే పొయ్యి అటు ఊగి తిన్నగా ఉంటాది. పొయ్యి మీద గిన్నీ తిన్నగా ఉంటాది."

పాండురంగం పడవను చూశారు. అది దుంగల మీద ఉంది. "నా సమక్షంలో పడవ ఏ దిక్కుకూ వంగలేదు. పొయ్యి మాత్రం ఊగినది" అని రాసి సంతకం పెట్టారు. ఎనిమిది బోల్టులతో పొయ్యిని బిగించాలని కింద రాశారు. మెకానిక్కు బిగించాడు.

జనవరి పందొమ్మిదిన పడవను నీటిలోకి దింపి రేవు లోపలే ట్రయలు నడిపారు. నరహరి స్వయంగా ఎక్కారు.

"ఇది సముద్రం కింద లెక్కేనా బాబూ?" అని ముత్యాలు అడిగింది.

"కాదమ్మా. రికార్డుల ప్రకారం ఇది రేవు. రాళ్లకట్ట చివర ఎర్రదీపం ఉంది చూడు, అది దాటినాకే సముద్రం."

తెరచాప గాలి పట్టింది. పడవ వంగింది. పప్పుచారు గిన్నె కమ్మీల మధ్యనే ఉంది. చారు మాత్రం నరహరి ప్యాంటు మీదకు, ఆయన ఒళ్లో ఉన్న ఫైలు మీదకు వచ్చింది. ఆ ఫైలు నేటికీ మండలిలో ఉంది. నలభయ్యో పేజీ నుంచి అరవయ్యో పేజీ దాకా ఇంగువ వాసన వేస్తుంది.

పడవ ఒడ్డుకు వచ్చాక పొయ్యిని, నరహరి ప్యాంటును చూసి పాండురంగం ట్రయలు నివేదిక రాశారు. "పొయ్యి కదలలేదు. నిబంధన నూటికి నూరుపాళ్లు అమలైనది. చారు కదిలినది. ఇందుకు గిన్నె సహకరించినది." పరిష్కారంగా గిన్నెను పొయ్యికి, మూతను గిన్నెకు బిగించాలని సూచించారు.

రెండో ట్రయలులో అన్నం ఒలకలేదు. గిన్నెలోంచి బయటికి రాలేదు కూడా. మూతకు ఆరు నట్లు ఉన్నాయి. పానా మెకానిక్కు దగ్గర ఉంది. మెకానిక్కు ఒడ్డున ఉన్నాడు. పడవ తిరిగి వచ్చి, మెకానిక్కు భోజనం నుంచి తిరిగి వచ్చి, నట్లు విప్పేసరికి మూడున్నర అయింది. అన్నం అడుగంటింది. గిన్నెను విప్పకుండా కడగడం ఎలాగో ముత్యాలుకు తెలియలేదు. అడిగితే, అది పారిశుద్ధ్య విభాగం చూసుకుంటుందన్నారు.

అప్పుడు ఉపసంఘం సమస్య మూలానికి వెళ్లాలని తీర్మానించింది. కదిలేది పొయ్యి కాదు, గిన్నె కాదు, వంటకం. కాబట్టి వంటకాలను కదిలేవి, కదలనివి అని రెండు తరగతులు చేయాలి. సమావేశ మందిరంలో ఒక చెక్కను ముప్పై డిగ్రీల వాలులో నిలబెట్టి, దాని మీద పళ్లేలు మేకులతో కొట్టి, ఒక్కో వంటకం వడ్డించారు. టైము చూడటానికి ఒక గుమాస్తాను నియమించారు. చారు ఒక సెకను. పప్పు నాలుగు. దప్పళంలో పులుసు ముందు వెళ్లింది, ముక్కలు తరువాత వెళ్లాయి. ముద్దకూర పదకొండు సెకన్లు ఆగింది. మండలి క్యాంటీను ఉప్మా కదల్లేదు. చెక్కను నిటారుగా నిలబెట్టారు. కదల్లేదు. పళ్లెం బోర్లించారు. క్యాంటీను కాంట్రాక్టరుకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

"ఆ ఉప్మా ఏ పడవలోనూ కదల్దు బాబూ," అంది ముత్యాలు. "కడుపులో కూడా కదల్దు."

"పదకొండు రోజులూ ఉప్మాయేనేటి?" అన్నాడు లచ్చయ్య.

"గురువారం గట్టి పెరుగుకు వెసులుబాటు ఉంది," అన్నారు నరహరి.

అయితే ఉప్మా దగ్గరా చిక్కు వచ్చింది. రవ్వ పోయకముందు నీళ్లు మరగాలి. నీరు కదిలే పదార్థం. ఈ సంగతి పాండురంగం పసిగట్టారు. ఫిబ్రవరి మూడున కొత్త ఉత్తర్వు వచ్చింది: వంట జరుగుచున్నంతసేపు పడవ కదలరాదు.

"లంగరేసినా ఊగుతాది బాబూ," అన్నాడు లచ్చయ్య. "మనం ఆపగలిగింది పడవని. నీటిని ఎవుడాపుతాడు?"

నరహరి ఆ మాటను నోట్ చేసుకున్నారు. "సముద్రము కదలని వేళలు తెలియజేయగలరు" అని రేవు కార్యాలయానికి లేఖ రాశారు. వారంలో జవాబు వచ్చింది. "సదరు వేళలు ఈ కార్యాలయ రికార్డులలో లేవు. మీ కార్యాలయము వారు కనుగొన్న పక్షమున ఒక ప్రతి మాకును పంపగలరు."

ముత్యాలు రోజూ ఉదయం ఎనిమిదింటికి రేవుకు వచ్చి, హాజరు పట్టీలో సంతకం పెట్టి, కట్టేసి ఉన్న పడవలో కూర్చునేది. రేవులో చేపలు అమ్మే ఆడవాళ్లు బుట్టలెత్తుకుని అటే వెళ్లేవారు.

"ఏటే ముత్తేలూ, ఎందాకా ఎల్లొచ్చినావే?"

"నిన్న కంటే రెండు జానలు ముందుకే. తాడు తడిసి సాగినాది."

"మీ ఆపీసోళ్లు నిన్ను సముద్రంలోకి పంపరే. సముద్రాన్నే ఆపీసులోకి రమ్మంటారు."

"వొస్తే రానీ. సంతకం ఎట్టాలి మరి," అంది ముత్యాలు. ఆడవాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆమె నవ్వడం వాళ్లు మలుపు తిరిగేదాకానే. తరువాత లచ్చయ్యను అడిగింది.

"మావా, గాలి ఎన్నాళ్లుంటాది?"

"పది రోజులు. పన్నెండు."

"నా పోస్టు పదమూడు రోజులుంది."

ఫిబ్రవరి ఇరవైన అంతిమ పరిష్కారం వచ్చింది. సముద్రం కదులుతుంది కాబట్టి వంటశాల సముద్రం మీద ఉండకూడదు. రేవులో పడవలు కట్టేసే జెట్టీ సిమెంటుది. పొయ్యిని జెట్టీ మీదకు మార్చాలి. వంటశాల, భోజనశాల కలిసి ఉండాలని తొమ్మిదో నిబంధన చెబుతున్నది కాబట్టి, భోజనశాల అయిన పడవను వంటశాల అయిన జెట్టీకి అరవై మీటర్ల తాడుతో ఎప్పుడూ కట్టి ఉంచాలి. భోజనం తాడు మీద క్యారియరులో వెళుతుంది.

"తాబేళ్లు బాబూ?" అన్నాడు లచ్చయ్య.

"అరవై మీటర్ల పరిధిలోకి తాబేలు వచ్చే అవకాశాన్ని శాస్త్రపరంగా తోసిపుచ్చలేము," అన్నారు నరహరి.

ముత్యాలు అడిగింది: "నానెక్కడుంటాను బాబూ?"

"వంటశాలలో."

"వంటసాల జెట్టీ మీద."

"అవును."

"జెట్టీ ఒడ్డే కదేటి."

నరహరి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, పోస్టు పోతుందని నాకూ తెలుసు. పొడిగింపు కోరుతూ పైవారికి రెండుసార్లు రాశాను. వంటశాల ఏర్పాటులో జాప్యానికి వంటమనిషి సంజాయిషీ అడిగారు. ఆ కాగితం నీ దాకా రానివ్వలేదు." ఫైలు మూసి, "నిబంధన నేను రాసింది కాదు," అన్నారు.

ఉత్తర్వు ప్రకారం ఫిబ్రవరి ఇరవై నాలుగున మెకానిక్కు వచ్చి పొయ్యి ఎనిమిది బోల్టులూ, గిన్నె నట్లూ విప్పేశాడు. పొయ్యిని జెట్టీ మీదకు మోసే ట్రాలీ ఆటో రాలేదు. పడవలోంచి వస్తువు బయటికి రావాలంటే గేటు పాసు కావాలి. గేటు పాసు ఇచ్చే గుమాస్తా పెళ్లికి వెళ్లాడు. అందుచేత పొయ్యి కొన్న రోజున ఉన్నట్టే, రెండు ఇరుసుల మీద వేలాడుతూ పడవలోనే ఉండిపోయింది.

మర్నాడు తాడు పరీక్ష. తనిఖీ అధికారి పడవలో ఉండి, తాడు పూర్తి నిడివి సాగినట్టు ధ్రువీకరించాలి. పాండురంగం ఉదయం తొమ్మిదిన్నరకు రెండు ఇడ్లీలు, ఒక వడ తిని వచ్చారు. నీటి మీద ఉన్న పడవ ఎక్కడం ఆయనకు మొదటిసారి. అంతకుముందు ఎక్కినది ఒడ్డున దుంగల మీద ఉన్నప్పుడు.

"తాడు పూరా సాగాలంటే అరవై మీటర్లూ పోవాల గదా బాబూ?" అన్నాడు లచ్చయ్య.

"నిస్సందేహంగా."

జెట్టీ చివరి నుంచి అరవై మీటర్లు పోతే ఎర్రదీపానికి ఇరవై మీటర్లు ఇవతల ఆగుతారు. అక్కడ రాళ్లకట్ట చాటు ఉండదు. రేవు మూతిలోంచి వచ్చే అల నేరుగా పడవను పక్కనుంచి కొడుతుంది. ఈ సంగతి లచ్చయ్యకు తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

తాడు బిగిసింది. తెరచాప దించారు. పడవ అక్కడే ఉండి ఊగడం మొదలుపెట్టింది. పాండురంగం ముందు చదవడం మానేశారు. తరువాత రాయడం మానేశారు. తరువాత మాట్లాడటం. ఇడ్లీలు, వడ అంచు మీద నుంచి నీళ్లలోకి వెళ్లిపోయాయి. ముత్యాలు ఆయన నుదురు పట్టుకుంది. బకెట్టు ఆమె ముందే తెచ్చిపెట్టింది గాని సమయానికి అందలేదు.

"వెనక్కి," అన్నారు పాండురంగం.

"కాయితం అవ్వనేదు గదా బాబూ," అన్నాడు లచ్చయ్య. "పరీచ్చ సగంలో ఆపితే మల్లీ రేపొచ్చి మొదట్నించీ సేయాల."

పాండురంగం రేపటి గురించి ఆలోచించి కళ్లు మూసుకున్నారు. మూసుకుంటే మరీ ఎక్కువైంది.

"కల్లు మూయకండి," అంది ముత్యాలు. "కదలందేదో సూసుకుని, దాన్నే సూస్తా ఉండండి. మా తమ్ముడికీ అదే సెప్పేవోరు."

పాండురంగం చూశారు. తెరచాప కొయ్య ఆకాశం మీద అటూ ఇటూ గీతలు గీస్తోంది. అంచు పైకి లేస్తోంది, కిందికి పోతోంది. తాడు బిగుస్తోంది, వదులవుతోంది. లచ్చయ్య కూర్చున్నచోటే ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. జెట్టీ చూశారు. వెంటనే తల తిప్పుకున్నారు.

ముత్యాలు లోపలికి దిగి పొయ్యి వెలిగించింది. అల్లం దంచి టీ పెట్టింది. పాండురంగం చూపు ఆ వెలుగు మీద పడి ఆగింది. పడవ ఇటు వంగింది, అటు వంగింది. పొయ్యి వంగలేదు. పొయ్యి మీద గిన్నె, గిన్నెలో టీ, టీ మీద పొంగు, ఉన్నవి ఉన్నట్టున్నాయి. ఆయన మెట్లు దిగి, పొయ్యికి ఎదురుగా చెక్కల మీద చతికిలబడ్డారు. ఇరవై నిమిషాలు కదలకుండా దాన్నే చూశారు. ముఖానికి కాస్త రంగు వచ్చింది. ముత్యాలు గ్లాసులో టీ పోసి ఇచ్చింది.

"అదొక్కటే," అన్నారు ఆయన.

"ఏటి బాబూ?"

"అదొక్కటే కదలటం లేదు."

పైనుంచి లచ్చయ్య ఏదో అనబోయాడు. ముత్యాలు చేత్తో ఆగమంది.

"అలాగైతే అదే రాసీండి బాబూ," అంది. ఫైలు తెచ్చి ఆయన మోకాళ్ల మీద పెట్టింది. పెన్ను మూత తీసి చేతికిచ్చింది.

పాతికేళ్లుగా పాండురంగం చూసిందే రాశారు. ఇప్పుడూ చూసిందే రాశారు. "సదరు నౌకలో పొయ్యి మినహా సమస్తము కదులుచున్నది. పద్నాలుగో నిబంధన పొయ్యి విషయమున సంపూర్ణముగా పాటించబడినది. బోల్టులు అనవసరము."

"మరి పొయ్యిని జెట్టీ మీదకి మార్సమన్నారు గదా బాబూ?"

పాండురంగం మెట్ల సందులోంచి తల ఎత్తి జెట్టీ వైపు మరొకసారి చూశారు. గ్లాసు గట్టిగా పట్టుకున్నారు. తల దించి ఇంకొక వాక్యం రాశారు. "జెట్టీ కూడా పైకి క్రిందికి కదులుచున్నందున, అచ్చట పొయ్యి ఏర్పాటు నిబంధనలకు విరుద్ధము." సంతకం పెట్టారు. సంతకంలో చివరి అక్షరం కాగితం దాటి ముత్యాలు చీర మీదకు పోయింది.

నివేదిక మధ్యాహ్నం నరహరి బల్ల మీదకు వచ్చింది. ఆయన చదివి పాండురంగాన్ని పిలిపించారు.

"జెట్టీ కదులుతోందని రాశారేమిటండీ? సిమెంటుది గదా?"

"స్వయంగా చూశాను."

"ఎక్కడి నుంచి?"

"పొయ్యి దగ్గర నుంచి."

నరహరి కిటికీలోంచి జెట్టీని చూశారు. నివేదికను చూశారు. భద్రతా అధికారి సంతకం చేసిన పత్రం మీద ప్రాజెక్టు అధికారి వ్యాఖ్యానించరాదని ఇంకొక నిబంధన ఉంది. పదకొండేళ్లలో ఆ నిబంధన ఆయనకు ఎన్నడూ నచ్చలేదు. ఆ రోజు నచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని ప్రయాణానుమతి మీద సంతకం చేశారు.

ఫిబ్రవరి ఇరవై ఏడు ఉదయం ఏడూ నలభైకి పడవ జెట్టీ వదిలింది. చేపల బుట్టలు దించి ఆడవాళ్లు కట్ట మీదకు వచ్చారు. ఎర్రదీపం దాకా పడవ వెంటే నడిచారు. ఏడూ యాభైకి పడవ ఎర్రదీపం దాటింది. లచ్చయ్య లోపలికి వంగి పిలిచాడు.

"ఏటే, బకెట్టు కావాలేటే?"

"ఉల్లిపాయలు కావాల," అంది ముత్యాలు.

ఆ మధ్యాహ్నం, తాబేళ్లు లెక్కపెట్టే సిబ్బంది ఇద్దరితో కలిపి, పడవలో నలుగురూ చారు పోసుకుని అన్నం తిన్నారు. మొదటి తాబేలు ఒంటిగంటా ఇరవైకి కనిపించింది.

అదే రోజు మండలిలో ఉపసంఘం సమావేశమైంది. పాండురంగం నివేదికను ప్రామాణికంగా స్వీకరించి, బిగించిన పొయ్యి కంటే వేలాడే పొయ్యి స్థిరమైనదని తీర్మానించింది. సోమవారానికి క్యాంటీను గట్టు పగలగొట్టి, పొయ్యిని నాలుగు గొలుసులతో పైకప్పుకు వేలాడదీశారు. మంగళవారం క్యాంటీను కాంట్రాక్టరు గరిటె పెట్టి తిప్పితే పొయ్యి తిరిగింది. పప్పుచారు ఇద్దరు సెక్షను అధికారుల మీద పడింది. బుధవారం నుంచి పొయ్యిని పట్టుకోవడానికి ఇద్దరు అటెండర్లను, వాళ్లకు ఒక సూపర్వైజరును కేటాయించారు. గురువారం ఉప్మా తప్ప ఏదీ వండలేదు.

శుక్రవారం నరహరి ఫైలు మీద ఇలా రాశారు: "వేలాడే పొయ్యి మీద వండటంలో అనుభవం గల ఏకైక ఉద్యోగిని శ్రీమతి బడే ముత్యాలు. వెంటనే పిలిపించి అభిప్రాయం తీసుకొనవలెను."

ఫైలు సాయంత్రానికి తిరిగి వచ్చింది. హాజరు పట్టీ చూసే గుమాస్తా కింద ఎర్రసిరాతో రాశాడు: "సదరు ఉద్యోగిని ఒడ్డున లేరు. విధి నిర్వహణ నిమిత్తం సముద్రంలో ఉన్నారు."